నాది జిమ్మ

అటక మీది పాత టిఫిన్ డబ్బా మూత తీస్తే ఇప్పటికీ ఒక వాసన వస్తుంది. వేడెక్కి చల్లారిన ప్లాస్టిక్కు, దుమ్ము, ఊదుబత్తి బూడిద, అడుగున ఎక్కడో కొంచెం మిరపకాయ బజ్జీల నూనె, అన్నీ కలిసి ఏళ్ళ తరబడి మగ్గిన వాసన. డబ్బాలో ఉన్న వస్తువు మాత్రం ఒక్కటే. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదిగా, పలచగా ఉండే బూడిదరంగు బిళ్ళ. వీడియో గేములో మనం ఎంతదాకా వచ్చామో దాచిపెట్టే మెమరీ కార్డు అది. దాని వెనక అతికించిన కాగితం మీద బాల్‌పెన్నుతో రాసిన పేర్లు చాలావరకు చెరిగిపోయాయి గానీ, ఒకటో అంకె పక్కనున్న పేరు ఇంకా కనిపిస్తుంది. మొన్న ఆదివారం పొద్దున దాన్ని కిందికి దించాను. ఎందుకంటే నాకు ఒళ్ళు మండింది.

మండిన కారణం చెబుతాను. పాత వీడియో గేములంటే ఇష్టం ఉన్నవాళ్ళం ఒక యాభై మందిమి ఫోనులో ఒక గ్రూపుగా ఉన్నాం. కొత్తగా చేరిన ఒక కాలేజీ అబ్బాయి మర్యాదగా అడిగాడు: పాతకాలపు కథ గేములు, పాత కారు రేసు గేములు ఎప్పుడూ ఆడలేదు, ఏవి ఆడమంటారు అని. పావుగంటలో నలభై పేర్లు వచ్చి పడ్డాయి. చింతపండు, చీపురుకట్ట, సబ్బు అన్నట్టు పేర్లే తప్ప ఒక్కదాని గురించీ ఒక్క ముక్క లేదు. ఒకాయన రేటింగు చుక్కలు వేశాడు, దీనికి మూడున్నర, దానికి నాలుగు. ఇంకొకాయన, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పాత రేసు గేముల్లో కారు మాట వినదు, టైము వేస్టు అని తేల్చేశాడు. అన్నిటికంటే ఘనుడు మరొకడున్నాడు. ఒక కథ గేము పేరు రాసి, 'అరవై గంటలు ఎవడు ఆడతాడు బ్రో, ఎండింగ్ ఇదిగో' అని రెండు నిమిషాల వీడియో అంటించాడు. ఆ గేము పేరు చూశాక నా చెయ్యి ఆగలేదు. 'నేను చెప్పేది ఒక్కటే ఆట, ఇదే. ఆ వీడియో తెరవకుండా ఆడు. నాది జిమ్మ' అని రాశాను. యాభై మందీ నవ్వారు. 'జిమ్మ ఏంటి బ్రో, కొత్త గేమా?' అని అడిగారు. నేను బ్రోను కాదన్న సంగతి పక్కన పెట్టండి. జిమ్మ అంటే ఏమిటో తెలియకుండా ఒకరికి ఒక ఆట ఆడమని చెప్పే ధైర్యం వీళ్ళకు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే నా బాధ.

జిమ్మ సంగతి చెప్పాలంటే తెలంగాణ రాష్ట్రం రావడానికి పది పన్నెండేళ్ళ ముందటి నాచారానికి వెళ్ళాలి. మా నాన్న జనగామ వైపు నుంచి వచ్చి ఇండస్ట్రియల్ ఏరియాలో రేకు డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. గాలి ఎటు వీస్తే ఆ పూట మా గల్లీకి ఆ వాసన. పొద్దున కాల్చిన రొట్టెల తీపి, మధ్యాహ్నం రంగుల ఫ్యాక్టరీ ఘాటు, వాన పడే ముందు మోరీ కంపుతో కలిసి వచ్చే మందుల కంపెనీ చేదు. షిఫ్టు సైరన్ మోగితే అమ్మలు పొయ్యి మీద గిన్నె ఎక్కించేవారు, అది మళ్ళీ మోగితే పిల్లలు వీధి నుంచి ఇళ్ళకు పరుగెత్తేవారు, గడియారాలు చాలా ఇళ్ళలో ఉన్నా వాటిని చూసిన గుర్తు నాకు లేదు. బతుకమ్మ రోజుల్లో నువ్వుల సద్ది, మలీద ముద్దలు కాగితంలో చుట్టుకుని, ఇంటి గడపల మీద కూర్చుని తినేవాళ్ళం. వానాకాలంలో లారీ షెడ్డు వెనక పారేసిన సైకిల్ టైర్లను కట్టెతో కొడుతూ ఉప్పల్ రోడ్డు దాకా పందెం వేసేవాళ్ళం. శివరాత్రికి కీసర గుట్టకు పోయే బస్సులో కిటికీ సీటు కోసం కొట్టుకునేవాళ్ళం. ఎండాకాలం మధ్యాహ్నాలు మాత్రం యాదన్న దుకాణానివి.

యాదన్నది భువనగిరి దగ్గరి పల్లె. అంతకుముందు టెలిఫోన్ బూత్ నడిపేవాడు, అందరి ఇళ్ళకూ ఫోన్లు వచ్చేసరికి ఆ గాజు గది పీకించి, ఇంటి ముందు గదిలోనే మూడు టీవీలు, మూడు గేము డబ్బాలు పెట్టాడు. బటన్లుండే చేతి మీటను మేము రిమోటు అనేవాళ్ళం. కిటికీకి తడిపిన గోనెసంచి, మూల దేవుడి పటం దగ్గర ఊదుబత్తి, నేల మీద ఈతచాప. ఒక డబ్బా డిస్కును సరిగా చదివేది కాదు, దాన్ని తలకిందులుగా బోర్లించి ఆడించేవాడు. అలా బోర్లిస్తే ఎందుకు నడిచేదో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు, నడిచేది అంతే. డిస్కు చేతికిస్తే బనీను అంచుతో మధ్య నుంచి బయటికి తుడిచేవాడు, గుండ్రంగా తుడిచిన పిల్లవాడికి ఆ రోజు ఆట లేదు. గీతలు పడ్డ డిస్కుకు పళ్ళపొడి రాసి, పసిపిల్ల బుగ్గ తుడిచినట్టు తుడిచేవాడు.

పిల్లలకు నిలకడ ఉండదు కదా. అయిదు నిమిషాలు ఒకటి ఆడి, బాగా లేదని ఇంకోటి పెట్టమనేవారు. మార్చిన ప్రతిసారీ డిస్కుకు ఒక గీత. ఒకరోజు యాదన్నకు రేగింది. మూడు టీవీలూ ఆపేసి, మమ్మల్ని అందరినీ చాప మీద కూర్చోబెట్టాడు.

"ఇగ సూడున్రి. ఆట మంచిగుంటదని ఎవలు చెప్తరో, గా ఆట ఆళ్ల జిమ్మ. కొత్తోని పక్కకు కూసోవాలె, అన్ని చెప్పాలె, రిమోటు మాత్రం ముట్టొద్దు. అర్ధగంట గాకముందే గాడు ఇసుగొచ్చి లేస్తే, చెప్పినోళ్ల వంతు గానికి పోతది. ఉత్తగ చెప్పుడు బంద్."

అదీ చట్టం. జిమ్మ అంటే పూచీ. ఆ రోజు నుంచి మా దుకాణంలో ఊరికే మాట్లాడటం ఆగిపోయింది. 'మస్తుంటది' అన్న మాట నోట్లోంచి వచ్చే ముందు పదిసార్లు ఆలోచించేవాళ్ళం. ఎందుకంటే మన అర్ధగంట పోతుంది, వారమంతా ఎదురుచూసిన అర్ధగంట. ఎవరికి ఏ ఆట నచ్చుతుందో ఆ మనిషిని చూసి చెప్పేవాళ్ళం. తొందర మనిషికి రేసు, అందులోనూ మలుపుల దారి. పట్టుదల మనిషికి కత్తియుద్ధం. ఒంటరిగా కూర్చునే పిల్లకు ఊళ్ళు తిరిగే కథ. నాలుగు చుక్కలు వేసే పెద్దమనుషుల్లారా, మీలో ఒక్కరైనా ఆ అబ్బాయి ఎలాంటివాడని అడిగారా? చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

నా ఆట కథ గేము. బజారులో దొరికిన దొంగ కాపీ, జపాన్ భాషలో ఉంది. మా దుకాణంలో అప్పటికి అన్ని డిస్కులూ జపాన్‌వే. ఒక్క అక్షరం తెలియదు, కనుక బటన్ల గుర్తులే మాకు భాష. సున్నా నొక్కితే అవును. ఇంటూ నొక్కితే కాదు. పరీక్ష పేపరు మీద టీచరు వేసే ఇంటూకు కూడా అదే అర్థం కాబట్టి ఎవరూ నేర్పకుండానే అందరికీ వచ్చేసింది. ఆ ఆటలో విరిగిన కత్తి పట్టుకుని ఒక అబ్బాయి ఊరూరా తిరుగుతాడు. నేను మల్లిగాడని పేరు పెట్టాను. వెంట నీలం జుట్టు పిల్ల ఒకతె వస్తుంది, ఆమె వాడి తప్పిపోయిన చెల్లె అని నేనే తేల్చాను. వంతెన దగ్గర కూర్చున్న ముసలమ్మ కీసర అవ్వ. కీసర గుట్ట మెట్ల మీద మాకు ఒకసారి మంచినీళ్ళు పోసిన అవ్వ అచ్చం అలాగే ఉండేది. కథ చివర ఒక గుట్ట, గుట్ట మీద నల్లటి తలుపు. ఆ తలుపు తెరిస్తే ఏముంటుందో మా గల్లీలో ఎవరికీ తెలియదు. అంతదాకా పోయినవాళ్ళే లేరు.

మా నాయనమ్మకు రోజూ సాయంత్రం ఈ కథ చెప్పాలి. ఆమె తమలపాకు ఈనెలు తీస్తూ కూర్చుని, "ఏమే, నీ పిలగాడు ఏడిదాక వచ్చిండు? వాగు దాటిండా?" అని అడిగేది. దాటలేదంటే, "కడుపుకింత తిన్నడో లేదో పాపం" అనేది. మరుసటి రోజు నేను నిజంగానే మల్లిగాణ్ణి ఊళ్ళోకి తీసుకెళ్ళి రొట్టె కొనిపెట్టేదాన్ని.

ఫణి మా గల్లీ వాడు కాదు. వాళ్ళ నాన్న హబ్సిగూడ వైపు ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో పనిచేసేవారు, ఇల్లు క్వార్టర్స్‌లో. కోస్తా వాళ్ళు. సైకిలు మీద వచ్చేవాడు, ఇస్త్రీ చొక్కా, జేబులో రుమాలు. నాలాగే ఏడో తరగతి. వాడికి రేసు తప్ప ఏదీ పట్టేది కాదు. నిజం చెప్పాలి, రేసులో వాడిది మంచి చెయ్యి. ఆ పాత రేసు గేములో మలుపు దగ్గర బ్రేకు వేస్తే ఓడిపోయినట్టే. యాక్సిలేటరు మీద నుంచి కాలు తీసినట్టు ఒక క్షణం బటన్ వదిలి, బండి వెనక భాగాన్ని జారనిచ్చి, జారుతుండగానే మళ్ళీ అందుకోవాలి. కారు మాట వినదంటాడు ఆ గ్రూపులో ఒకాయన. కారు వింటుంది నాయనా, ముందు దాని మాట నువ్వు వినాలి. ఫణి వినేవాడు. నాలిక కొరుక్కుంటూ, రిమోటుతో పాటు తనూ ఒరిగిపోతూ, పక్కనున్న వాడి ఒళ్ళో పడేవాడు.

నా ఆటను మాత్రం ఎగతాళి చేసేవాడు. "ఏంటిది, అందరూ నిలబడి మాట్లాడుకుంటూనే ఉన్నారు, ఎప్పుడు కొట్టుకుంటారు?" అనేవాడు. ఒకరోజు నాకు రోషం వచ్చింది. అందరి ముందు లేచి నిలబడ్డాను. "ఆడి సూడు. నాది జిమ్మ" అన్నాను. యాదన్న తల పైకెత్తి, ఆలోచించుకోమన్నట్టు చూశాడు. "సోంచాయించుకో స్రవంతీ, నీ వంతు పోతది" అన్నాడు. పోనియ్యమన్నాను.

వాడు అర్ధగంటకు లేవలేదు. గంటకూ లేవలేదు. మల్లిగాడు మొదటి ఊరు వదిలి వెళుతుంటే పక్కింటి కుక్క పొలిమేర దాకా వెంట వచ్చి ఆగిపోతుంది. అక్కడ ఫణి రిమోటు ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇది రాదా మనతో?" అన్నాడు. రాదన్నాను. ఆ రోజు యాదన్న మెమరీ కార్డులోని పదిహేను గదుల్లో తన సొంత గది, ఒకటో గది, ఖాళీ చేసి ఫణికి ఇచ్చాడు. గది అంటే కార్డులో ఒక మనిషి ఆట దాచుకునే చోటు. దుకాణానికంతా ఆ కార్డు ఒక్కటే, పదిహేను మంది పిల్లల మల్లిగాళ్ళు అందులో పక్కపక్కన నిద్రపోయేవారు.

ఆ ఎండాకాలం ఫణి ఆడాడు, నేను పక్కన కూర్చున్నాను. నా గది అయిదోది, నా మల్లిగాడు వాగు దగ్గరే ఆగిపోయాడు. అది నాకు బాధ అనిపించలేదు. పక్కన కూర్చోవడం కూడా ఆడటమేనని ఇప్పటివాళ్ళకు ఎలా చెప్పాలి? వాడు దారి తప్పితే నాకు చెమట పట్టేది. అమ్మ కోసి పంపిన మామిడి ముక్కలు, ఉప్పూకారం చేతులకు అంటకుండా పుల్లతో గుచ్చి వాడి నోటికి అందించేదాన్ని, రిమోటు పాడవుతుందని. కరెంటు పోతే మూడు టీవీల ముందు నుంచీ ఒకే కేక లేచేది, ఆఖరిసారి ఎప్పుడు దాచుకున్నావురా అని ఒకర్నొకరు అడుక్కునేవాళ్ళం. బడులు తెరిచే వారం ముందు మేము గుట్ట ఎక్కాం. నల్లటి తలుపు టీవీ నిండా నిలబడింది. దుకాణంలో అందరూ మా వెనకకు చేరారు. "రేపు తీద్దాం. మీ నాయనమ్మని కూడా తీసుకురా" అన్నాడు ఫణి, ఆట దాచేసి.

నాయనమ్మ ఆ 'రేపు' కోసం పొద్దున్నే తలంటుకుంది. కానీ వాడు కాగితాలతో వచ్చాడు. ఇంటర్నెట్ సెంటరులో ప్రింటు తీయించుకున్న అయిదారు కాగితాలు, ఆట కథంతా ఇంగ్లీషులో. గడపలోనే నిలబడి చదివి, తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. "నువ్వు చెప్పిందంతా తప్పు. ఆ అమ్మాయి వాడి చెల్లెలే కాదు. శత్రువు కూతురు. వాడి మీద నిఘా పెట్టడానికి పంపించారు. నువ్వు మొత్తం కల్పించావు!"

చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. ఎండాకాలమంతా నోరు తెరుచుకుని నా కథ విన్నవాళ్ళే నవ్వారు. నాయనమ్మ అర్థంకాక అందరి మొహాలూ చూస్తోంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి కోపం నీళ్ళు. "కాయితంల ఏదన్న రాస్తరు. ఆమె చెల్లెనే. నీతోని ఇగ ఆడ పో, నీ ఆట సల్లగుండ" అని అరిచి, నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాను. ఆ రోజు తలుపు తెరవలేదు. నేను లేకుండా తెరవనని వాడే అన్నాడని తర్వాత తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నం, కోపం ఇంకా దిగకుండానే దుకాణానికి వెళ్ళాను. పాత రేసు డిస్కు గీతలు పడి చచ్చిపోతే యాదన్న కొత్తది తెచ్చాడు. అవే కార్లు, అవే దారులు, కాకపోతే అక్షరాలు ఇంగ్లీషు. మొదలుపెట్టడానికి స్టార్టు బటన్ ఒక్కటే చాలింది. ఒక్కదాన్నే కూర్చుని ఆడాను, కోపం మీద ఆడాను, రేసులో ఫణి రికార్డు టైము కంటే ముందు వచ్చేశాను. ఆట నన్ను ఏదో అడిగింది. కార్డు నిండిపోయింది, పాతది తీసేసి ఆ చోట ఇది దాచాలా అని. కింద ఎస్, నో అని రెండు మాటలు. నాకెందుకు, ఎవరి గదీ తీయనక్కర్లేదు అనుకున్నాను. నా జీవితంలో వందసార్లు నొక్కినట్టే కాదనడానికి ఇంటూ నొక్కాను. మళ్ళీ ఏదో అడిగింది. మళ్ళీ ఇంటూ నొక్కాను. టీవీ మీద ఒక గీత నిండింది. తర్వాత కార్డు తెరిస్తే, ఒకటో గదిలో నల్లటి తలుపు ముందు నిలబడిన మల్లిగాడు లేడు. ఒక ఎర్ర కారు ఉంది.

సాయంత్రం ఫణి వచ్చాడు. ఏం జరిగిందో నేనే చెప్పాను. దాచలేదు, ఇంకొకరి మీద తోయలేదు, ముందు నేనే చెప్పాను, ఇది రాసిపెట్టుకోండి.

"నేను కాదనే ఒత్తిన. ఇంటూనే ఒత్తిన" అన్నాను.

"ఇంటూ నొక్కితే ఎలా పోతుంది?" అన్నాడు ఫణి. "నిన్న గొడవైందని కావాలనే చేశావు."

అంతా వాడి వైపే. ఇంటూ అంటే కాదు, ఇది గల్లీలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. నిన్న తిట్టింది, ఇవాళ చెరిపింది, ఇంకేం కావాలి? ఆడపిల్లలకు మనసులో పెట్టుకునే గుణం ఉంటుందని ఒకడు అన్నాడు, వాడికి మీసం ఇంకా మొలవలేదు. యాదన్న కూడా, న్యాయంగా తూచే యాదన్న కూడా, నా మొహం చూడకుండా తీర్పు చెప్పాడు. "ఆట నీ జిమ్మ ఉండె బిడ్డా. పిలగాడు మళ్ల గుట్ట ఎక్కేదాక నీ వంతులన్ని గానివే." తీర్పు కాదు నాకు బాధ. అక్కడ ఎనిమిది మంది ఉన్నారు. ఒక్కరంటే ఒక్కరు లేచి, ఆ డిస్కు ఇంకోసారి పెట్టి, ఇంటూ నొక్కి చూద్దాం పట్టు అనలేదు. అరనిమిషం పని. ఆ అరనిమిషం ఎవరూ నా కోసం ఖర్చు పెట్టలేదు.

ఫణి మళ్ళీ దుకాణానికి రాలేదు. నా వంతులు వాడి కోసం ఖాళీగా కూర్చున్నాయి. వారం చూసి, నేనే హబ్సిగూడ దాకా నడిచి క్వార్టర్స్‌కు వెళ్ళాను. గేటు లోపల అట్టపెట్టెలు, వాటికి తాళ్ళు కడుతూ వాళ్ళమ్మ. "ఫణి లేడమ్మా, వాళ్ళ నాన్నతో టీసీ తేవడానికి వెళ్ళాడు. మాకు పుణె ట్రాన్స్‌ఫర్ అయింది" అందామె. ఏమైనా చెప్పాలా అని అడిగింది. చెప్పాలి. కానీ ఏమని? ఇంటూ నొక్కానని చెప్పమంటే ఆమెకు ఏం అర్థమవుతుంది? ఏం లేదాంటీ అని వచ్చేశాను. వాడు ఆ మధ్యాహ్నం లోపలి గదిలోనే ఉన్నాడేమోనన్న అనుమానం నాకు ఇప్పటికీ పోలేదు. కిటికీ కింద సైకిలు ఉంది.

వాడు రాకపోతే ఏం, తీర్పు తీర్పే. ఒకటో గదిలో ఎర్ర కారును తీసేసి, ఫణి పేరుతో మొదటి ఊరి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. వానాకాలమంతా నా వంతులు వాడి గదిలోనే. కుక్క మళ్ళీ పొలిమేర దగ్గర ఆగిపోయింది. వాడు ఎక్కడ ఏ కత్తి కొన్నాడో, ఏ సత్రంలో పడుకున్నాడో గుర్తు తెచ్చుకుని అదే చేశాను. పిల్లలు చూసి చూసి నవ్వడం మానేశారు. బతుకమ్మ వెళ్ళిన మూడో రోజు నల్లటి తలుపు దగ్గరికి వచ్చాను. ఒక్క బటన్ నొక్కితే తెరుచుకుంటుంది. దాచేసి లేచాను. ఆ తలుపు తెరవడం నా వంతు కాదు. ఇంటికి వెళితే నాయనమ్మ అడిగింది, "తీసినవా?" అని. గుట్ట ఎక్కాను గానీ తీయలేదన్నాను. ఆమె తమలపాకు మడిచి, "గాడు అచ్చినంక తీద్దురు తియ్" అంది.

ఆ చలికాలంలోనే ఇంకో పిల్లవాడి గది అదే రేసు డిస్కు చేతిలో పోయింది. ఆ పిల్లవాడు యాదన్న మేనల్లుడు. కాబట్టి ఈసారి అరనిమిషం దొరికింది. యాదన్న తనే కూర్చుని నొక్కి చూశాడు. ఇంగ్లీషు డిస్కుల్లో ఇంటూ అంటే అవును. సున్నా అంటే కాదు. సముద్రానికి అవతల అమ్మే డిస్కులకు అర్థాలు తిరగేసి పంపుతారట. ఎవడో ఎక్కడో కుర్చీలో కూర్చుని అవును కాదును తారుమారు చేస్తాడు, నాచారంలో ఒక పిల్ల దొంగ అవుతుంది! యాదన్న మా ఇంటికి వచ్చి గడప బయటే నిలబడ్డాడు. "నువ్వు అబద్ధం చెప్పలే బిడ్డా. మేమే సూడలే" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది నాకు. ఆయనను కూర్చోమని కూడా అనలేదు. ఈ మాట చెప్పాల్సిన మనిషి పుణెలో ఉన్నాడు, నంబరు ఎవరి దగ్గరా లేదు.

తర్వాత ఇంటింటికీ కంప్యూటర్లు వచ్చాయి, ఆపైన ఫోన్లు వచ్చాయి. ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేచే రోజుల్లో యాదన్న దుకాణం మూసేసి, చెంగిచెర్లలో కట్టుకున్న ఇంటికి మారిపోయాడు. వెళ్ళే ముందు కార్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "గిది నీ జిమ్మ" అన్నాడు, అంతే. నాయనమ్మ అప్పటికి రెండేళ్ళ ముందే పోయింది, తలుపు వెనక ఏముందో వినకుండానే. నేను ఇంజనీరింగ్ చదివాను, ఉద్యోగం చేస్తున్నాను, ఆ ఆట మెరుగులు దిద్దుకుని కొత్తగా మళ్ళీ అమ్మకానికి వచ్చింది కూడా. ముగింపు నేను చూడలేదు. ఆ నీలం జుట్టు పిల్ల చెల్లెలో, శత్రువు కూతురో చెప్పేది ఆ తలుపే. అరవై గంటలు ఎవడు ఆడతాడట! నా ఒక్క ఎండాకాలం, ఒక్క వానాకాలం అందులో ఉన్నాయి. దాన్ని రెండు నిమిషాల వీడియో చేసి నా మొహాన కొట్టడానికి నువ్వెవడివి?

మొన్న పని మీద నాచారం వెళితే ఆ గల్లీలోకి తిరిగాను. యాదన్న ముందు గది ఉన్నచోట నాలుగంతస్తుల బిల్డింగు, కింద ఫోను కవర్ల దుకాణం. రొట్టెల వాసన లేదు, సైరన్ లేదు. దుకాణం మెట్ల మీద ముగ్గురు పిల్లలు వరసగా కూర్చుని ఎవరి ఫోనులో వాళ్ళు రేసు ఆడుతున్నారు. ఒకడు ఓడిపోయి నాలిక కొరుక్కున్నాడు. పక్కనున్న ఇద్దరూ తలెత్తి చూడలేదు.

పుణెలోనో, ఇంకెక్కడో, నా ఈడు మనిషి ఒకడు ఉన్నాడు. నేను కావాలనే చెరిపానని ఇప్పటికీ అనుకుంటూ ఉండాలి. లేదా మొత్తం మర్చిపోయి ఉండాలి. రెండిటిలో ఏది ఎక్కువ మంటో నేను ఇంకా తేల్చుకోలేదు.

గ్రూపులో నవ్వులన్నీ అయిపోయాక, ఆ కాలేజీ అబ్బాయి నాకు విడిగా రాశాడు. వీడియో తెరవలేదట. నేను చెప్పిన ఆటే, ఆ పాత జపాన్ డిస్కే ఎక్కడో సంపాదించాడట. అర్ధగంట ఆడి లేచిపోతే ఏమవుతుందని అడిగాడు. నా ఆదివారం నీది, నువ్వు ఏ ఆట చెబితే అది నేను ఆడాలి అని రాశాను. సరేనన్నాడు. కాసేపటికి ఇంకో మెసేజి వచ్చింది.

"అక్కా, మొదలుపెట్టేముందు ఒకటి. ఇందులో అవును అనడానికి ఏది నొక్కాలి, కాదు అనడానికి ఏది?"

ఆ రోజు ఎనిమిది మందిలో ఒక్కరూ అడగని ప్రశ్న అది. కార్డు మీద ఫణి పేరును ఒకసారి బొటనవేలితో తుడిచి, జవాబు రాశాను.

"సున్నా అంటే అవును, ఇంటూ అంటే కాదు. కానీ డిస్కు మారిన ప్రతిసారీ ఇదే మళ్ళీ అడుగు."